రోడ్డు ఖాళీ చేయమంటారు సరే, కల్లం యాడుండాది?

చలికాలం వచ్చిందంటే మన ఫోన్లలో ఒక వీడియో తిరుగుతాది. అమెరికాలోనో కెనడాలోనో ఉండే మనూరి పిల్లోళ్లు తీసి పంపినదే. రాత్రంతా మోకాలి లోతు మంచు పడింటాది. తెల్లారేసరికి ఒక పెద్ద లారీ ముందర ఇనప రేకు కట్టుకోని వచ్చి, మంచునంతా పక్కకు నెట్టుకుంటా పోతాది. కింద మనోళ్ల కామెంట్లు ఒకటే రకం: "మున్సిపాలిటీ అంటే అదీ. మనకూ ఉండాది ఒకటి, దేనికి?"

ఆ మాటకు జవాబు చెప్పాలనే ఈ రాత. మన నంద్యాలలో, ఆళ్లగడ్డలో మంచు కురవదు. తెల్లారుజామున పొగమంచు కమ్ముకుంటాది, ఎండ పొద్దుకు పోతాది. అయినా చలికాలంలో మన రోడ్ల మీద కూడా ఒకటి పడ్తాది. అది గింజ. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా నంద్యాల నుంచి శిరివెళ్ల మీదుగా ఆళ్లగడ్డకు పోయే దావలో, కోయిలకుంట్ల దావలో, ఊరూరికీ చీలే చిన్న రోడ్లలో బండి మీద పోతే నాకు కనపడేది అదే. రోడ్డుకు ఒక పక్క వడ్లు, ఇంకో తావున మొక్కజొన్నలు. పక్కన పార పట్టుకోని నిలబడిన రైతు. దానికి తోడు ట్రాక్టరు చక్రాలకు అంటుకోని వచ్చే నల్లరేగడి బురద. ఊర్లోకి వస్తే కాలిబాట మీద తోపుడు బండ్లు, చెత్త కుప్పలు.

వాళ్ల మంచు, మన గింజ ఒకటేనా అంటే కాదు. మంచు ఎవరికీ అక్కర్లేని సరుకు. గింజ ఆరు నెలల కష్టం. కానీ రోడ్డును ఖాళీగా ఉంచేది ఎట్ల అనే లెక్క మాత్రం రెండు తావులా ఒకటే.

వాళ్ల గుట్టు లారీలో లేదు

మినియాపొలిస్ అని అమెరికాలో ఒక ఊరు. మంచు బాగా పడినప్పుడు ఆ ఊరి మున్సిపాలిటీ ముందుగా చాటింపు వేస్తాది. పని మూడు విడతలు. మొదటి రాత్రి ముఖ్యమైన రోడ్లు. రెండో రోజు చిన్న వీధుల్లో సరి సంఖ్య ఇండ్లుండే పక్క. మూడో రోజు బేసి సంఖ్య ఇండ్ల పక్క. ఏ రోజు ఏ పక్క కారు నిలపకూడదో పిల్లోనికి కూడా తెల్సు. నిలిపితే ఎత్తుకోని పోతారు. ఇంటి ముందరి కాలిబాట మీద మంచు తీసేది మున్సిపాలిటీ పని కాదు, ఇంటోళ్ల పని. మంచు ఆగిన 24 గంటల లోపల తీయాల.

కెనడాలో మాంట్రియల్ ఇంకో మాదిరి. అక్కడ మంచు పక్కకు నెడితే చాలదు, పక్కన తావు లేదు. లారీలకెత్తి ఊర్లో కొన్ని తావుల్లో పోస్తారు. వాటిల్లో పెద్దది ఫ్రాంకన్ అనే పాత రాళ్ల క్వారీ. కొలిమిగుండ్ల దిక్కు నాపరాతి గుంతలు చూసినోళ్లకు ఆ క్వారీ ఎట్లుంటాదో నేను చెప్పాల్సిన పని లేదు.

దీంట్లో మూడు సంగతులున్నాయి. ఏ రోడ్డు ముందు, ఏది తర్వాత అనే వరస. ఏ రోజు ఏ పని అనే తేదీ. తీసింది యాడ పెట్టాలనే తావు. ఈ మూడూ లేకపోతే ఎంత పెద్ద లారీ అయినా ఒక వీధి మంచును ఇంకో వీధిలో పోస్తాది, అంతే. మన కాడ లేనిది లారీ కాదు. ఈ మూడు లేవు. ముఖ్యంగా మూడోది.

గింజ రోడ్డెక్కింది ఎందుకు?

మన జేజినాయనల కాలంలో వరి కొడవలితో కోసేవాళ్లు. కోసింది చేన్లోనే కొన్ని దినాలు ఆరేది. తర్వాత మోపులు కట్టి వామి వేసేవాళ్లు. తీరికగా కల్లంలో నూర్చేవాళ్లు. గింజ బస్తాకెక్కే పొద్దుకు తేమ దానంతటదే పోయేది. పేడతో అలికిన కల్లం ప్రతి రైతుకూ ఉండేది, లేదంటే నలుగురికి కలిపి ఒకటుండేది.

ఇప్పుడు కోత మిషన్ వచ్చింది. గంటలో ఎకరా కోసి పచ్చి గింజ ట్రాలీలో పోస్తాది. కూలి దొరకదు, కాబట్టి మిషన్ తప్పదు. మిషన్ ఒకసారి ఊర్లోకి వస్తే ఊరంతా ఒకే వారంలో కోయించుకుంటాది. ఆ గింజలో తేమ 20 శాతం పైన ఉంటాది. ప్రభుత్వం కొనాలంటే వడ్లలో 17 శాతం, మొక్కజొన్నలో 14 శాతం దాటకూడదు. 2025-26 సీజనుకు వడ్లు సాదా రకం మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. 75 కిలోల బస్తాకు లెక్కేస్తే 1,777 రూపాయలు. తేమ మీటరు ఒక్క అంకె ఎక్కువ చూపిస్తే రైతు ఆ ధర మర్చిపోవాల్సిందే. యాపారి కాడికి పోయినా ఆయన మొదట చేసే పని గింజ నోట్లో వేసుకోని కొరికి చూడటమే.

అంటే ఎండబెట్టాల. యాడ ఎండబెట్టాల? చేను నల్లరేగడి, ఈశాన్య వానలకు ఇంకా పదునుగానే ఉంటాది. పాత కల్లాలు ప్లాట్లయినాయి, ఇండ్లయినాయి. ఇంటి మిద్దె మీద పది బస్తాలు పడ్తాయి. మిగిలింది తారు రోడ్డు. నల్లగా ఉంటాది కాబట్టి ఎండను బాగా పట్టుకుంటాది, గింజ తొందరగా ఆరుతాది. చదునుగా ఉంటాది, మన్ను కలవదు. బస్తాలకెత్తుకునేకి ట్రాక్టరు పక్కకే వస్తాది. రోడ్డు మీద పోసేది రైతు పొగరు కాదు. ఆయప్పకు దగ్గర్లో దొరికే కల్లం అదొక్కటే.

దాని ఖరీదు ఎవరు కడ్తాండారు?

పగలు గింజ ఆరబోస్తే సగం రోడ్డు పోతాది. అసలు గండం పగలు కాదు, రాత్రి. పొద్దు గుంకినంక మంచు పడి గింజ మళ్లా తేమ పడుతుందని రైతు దాన్ని కుప్ప చేస్తాడు. మీద పట్ట కప్పుతాడు. గాలికి పట్ట లేచిపోకుండా చుట్టూ రాళ్లు పెడ్తాడు. ఆ పట్ట చానా తావుల నల్లదే. నల్ల రోడ్డు మీద నల్ల కుప్ప, చుట్టూ రాళ్లు, పైన పొగమంచు.

ఇప్పుడు బండి లెక్క చూడండి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బైకు సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతాది. కుప్ప కనపడి మన చెయ్యి బ్రేకు మీదికి పోయేకే ఒక సెకను పడ్తాది. బ్రేకు పట్టినంక బండి నిలబడేకి ఇంకో 20 మీటర్లకు తక్కువ కాదు. చలికాలం తెల్లారుజామున ఎదురుగా లారీ లైటు కొడ్తాంటే 40 మీటర్ల అవతల నల్ల పట్ట కనపడ్తాదా? పైగా రోడ్డు మీద చెదిరిన మొక్కజొన్నలు చక్రం కింద గోలీల మాదిరి దొర్లుతాయి. అట్లాంటి తావులో బ్రేకు పడితే బండి నిలబడదు, జారుతాది.

ఇంకో సంగతి. రైతు గింజ ఎత్తుకోని పోయినంక కూడా రాళ్లు అక్కడే ఉంటాయి. గింజ ఉన్నప్పుడన్నా అదొక గుర్తు. ఉత్త రాయి అయితే తగిలినాకనే తెలుస్తాది.

ఈ రోడ్ల మీద రాత్రి తిరిగేది ఎవరు? పాల క్యాన్లు వేసుకోని పోయేవాళ్లు, నంద్యాలకు పనికి పోయి వచ్చే పిల్లోళ్లు, కాన్పుకు పోయే ఆటోలు. ఇదే కాలంలో అహోబిలం పారువేట. కనుమ నుంచి నలభై దినాలు స్వామి పల్లకి ఆళ్లగడ్డ చుట్టుపక్కల ముప్పైకి పైగా ఊర్లు తిరుగుతాది. దాని వెంబడి జనం కాళ్లకు చెప్పుల్లేకుండా నడుస్తారు. అంటే బండ్లోళ్లకే కాదు, నడిచేవాళ్లకు కూడా రోడ్డు కావాల్సిన కాలం ఇది.

చట్టం ఏమంటాదంటే, అందరూ తిరిగే దావలో ప్రమాదం గాని అడ్డం గాని కలగజేస్తే భారతీయ న్యాయ సంహిత 285వ సెక్షన్ కింద 5,000 రూపాయల దాకా జరిమానా. పాత ఐపీసీలో ఇదే తప్పుకు 200 రూపాయలుండేది. మనిషి చచ్చిపోతే అది నిర్లక్ష్యం కేసు, 106వ సెక్షన్, ఐదేండ్ల దాకా జైలు. ఒక రాయి తీయకపోతే అప్పటి దాకా అప్పుల్లో ఉన్న రైతు కేసులో కూడా పడ్తాడు. అవతల ఒక ఇంట్లో పిల్లోడు పోయింటాడు. ఇద్దరూ మనోళ్లే.

ఒక రోడ్డు, నలుగురు యజమానులు

రోడ్డు ఖాళీ చేసే పని ఎవరిదంటే ఒక్క మాటలో జవాబు లేదు. కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ, చాగలమర్రి మీదుగా కడపకు పోయే 40వ నంబరు జాతీయ రహదారిని చూసుకునేది జాతీయ రహదారుల సంస్థ. టోల్ కడ్తాండాం కాబట్టి దాని మీద తిరిగి చూసే బండి కూడా ఉండాల. అక్కడ రాయి కనపడినా, కుప్ప కనపడినా 1033కి ఫోన్ చేయొచ్చు. మండలాలను కలిపే పెద్ద రోడ్లు ఆర్ అండ్ బీవి. పల్లెలకు పోయే చానా రోడ్లు పంచాయతీరాజ్‌వి. ఊర్లోపలి వీధులు మున్సిపాలిటీవి, పల్లె అయితే పంచాయతీవి.

గింజకు ఈ హద్దులు తెలియవు. హైవే మీద నుంచి పోలీసులు తరిమితే సర్వీసు రోడ్డుకు వస్తాది. అక్కడ తరిమితే పల్లె రోడ్డుకు పోతాది. ఒక శాఖ రోడ్డు ఖాళీ అయింది, ఇంకో శాఖ రోడ్డు నిండింది. ఒక వీధి మంచు ఇంకో వీధిలో పోసేది అని చెప్పింటి కదా, ఇది అచ్చం అదే. ఆళ్లగడ్డ పేరుకు మున్సిపాలిటీ గాని, బతుకు వ్యవసాయానిదే. వార్డులోనే ట్రాక్టరు, వార్డులోనే గడ్డివామి. కాబట్టి "గింజ రైతు సమస్య, రోడ్డు మా సమస్య" అని అక్కడ మున్సిపాలిటీ గీత గీసుకుంటే కుదరదు.

కాలిబాట సంగతి

ఊర్లోకి వద్దాం. నంద్యాల గాంధీ చౌక్ గాని, ఆళ్లగడ్డ నాలుగు రోడ్ల కూడలి గాని సాయంత్రం పూట చూడండి. నడిచేవాళ్లు రోడ్డు నడిమధ్యన ఉంటారు. కాలిబాట ఉన్న తావుల్లో దాని మీద అంగడి సామాను, బైకులు, తోపుడు బండ్లు. నడిచేకి కనీసం 1.8 మీటర్ల వెడల్పు అడ్డం లేకుండా ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం. కాలిబాట మీద నడిచే హక్కు రాజ్యాంగం 21వ అధికరణం కింద బతికే హక్కులో భాగమని 2025 మే నెలలో సుప్రీంకోర్టు చెప్పింది.

అట్లని తోపుడు బండి అరటిపండ్ల అవ్వను తరిమేస్తే సరిపోతాదా? ఆమెకు కూడా 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ఉండాది. ఊర్లో ఎంతమంది అమ్ముకునేవాళ్లు ఉండారో ముందు సర్వే చేయాల. అది అయ్యేదాకా ఎవర్నీ లేపకూడదు. ఒక తావు నుంచి ఇంకో తావుకు మార్చాలంటే 30 దినాల ముందు నోటీసు ఇయ్యాల. యాడ అమ్ముకోవాలో తేల్చే పట్టణ కమిటీలో నూటికి 40 మంది ఆ వ్యాపారులే ఉండాల. చట్టం రాసినోళ్లకు కూడా తెల్సు, తావు చూపియ్యకుండా తీసేస్తే పొద్దున లేపిన బండి సాయంత్రానికి మళ్లా అక్కడికే వస్తాదని.

ఇంక చెత్త. దాన్ని తీసేది మిషన్లు కాదు, మనుషులు. తెల్లారుజామున మనం దుప్పటి కప్పుకోని ఉండే పొద్దుకు వాళ్లు చీపురు పట్టుకోని రోడ్డు మీద ఉంటారు. అదే పొగమంచులో, అదే బండ్ల మధ్యన. 2023 డిసెంబరు 26 నుంచి రెండు వారాలు రాష్ట్రమంతా మున్సిపల్ కార్మికులు సమ్మె చేసినప్పుడు ఊర్లు ఎట్లయినాయో గుర్తుండాది కదా. సమాన పనికి సమాన జీతం ఇయ్యండి, పర్మినెంటు చేయండి అని వాళ్లు అడిగిన మాట. రోడ్డు ఖాళీగా, శుభ్రంగా ఉండాలని అడిగే మనం, ఆ రోడ్డు మీద ఊడ్చే మనిషి ఒంటి మీద రాత్రి మెరిసే జాకెట్టు ఉండాదా, చేతికి గ్లౌజులు ఉండాయా అని కూడా అడగాల.

డబ్బుల్లేవు అనే మాట

ఇవన్నీ అడిగితే చిన్న మున్సిపాలిటీల కాడ ఒక జవాబు సిద్ధంగా ఉంటాది: నిధులు లేవు. ఆ మాట చానా వరకు నిజమే కూడా. కానీ దానికి 1980లోనే సుప్రీంకోర్టు జవాబు చెప్పింది. మధ్యప్రదేశ్‌లో రత్లాం అనే ఊరు. వీధిలో మురుగు పారుతుంటే జనం మేజిస్ట్రేటు కాడికి పోయినారు. మున్సిపాలిటీ మా కాడ డబ్బుల్లేవు అనింది. కేసు సుప్రీంకోర్టు దాకా పోతే జస్టిస్ కృష్ణయ్యర్ తేల్చి చెప్పినారు: జనం ఆరోగ్యం, వీధుల శుభ్రం చట్టం నెత్తిన పెట్టిన పనులు, డబ్బుల్లేవని వాటి నుంచి తప్పించుకునేకి లేదు. ఆ జనం వాడుకున్నది సీఆర్‌పీసీ 133వ సెక్షన్. ఇప్పుడు దాని పేరు భారతీయ నాగరిక సురక్షా సంహిత 152వ సెక్షన్. అందరి దావలో ఉన్న అడ్డం తీయించమని ఆర్డీఓ కాడ అర్జీ పెట్టుకునేకి ఈ పొద్దు కూడా ఆ దోవ తెరిచే ఉండాది.

రెండెకరాల లెక్క

మరి కల్లం ఎంత కావాల? కాగితం పెన్సిలు తీసుకోండి. ఎకరాకు 30 బస్తాలు అనుకుందాం. 75 కిలోల లెక్కన 2,250 కిలోలు. రెండించీల మందం పరిస్తే దాదాపు 80 చదరపు మీటర్లు పడ్తాది. రోడ్డులో ఒక వరస వెడల్పు మూడున్నర మీటర్లు కాబట్టి, ఎకరా గింజకు 23 మీటర్ల పొడవు రోడ్డు పోతాది.

ఒక ఊర్లో 500 ఎకరాల వరి ఉండాది, పదహైదు దినాల్లో కోత అయిపోతాది అనుకుందాం. ఒక్కొక్క రైతుకు మూడు దినాల ఎండ చాలు. అంటే ఐదు వాయిలు. వాయికి 100 ఎకరాల గింజ. దానికి కావాల్సింది 8,000 చదరపు మీటర్లు. రోడ్డు మీద పోస్తే రెండు కిలోమీటర్ల పైన పోతాది. అదే కల్లం అయితే రెండెకరాలు. ఊరంతటికీ రెండెకరాల సిమెంటు నేల! నడిచేకి, ట్రాక్టరు తిరిగేకి ఇంకో ఎకరా వేసుకోండి. ఇది ఊరు మోయలేని లెక్క కాదు.

తెలంగాణలో ఈ పని చేసి చూసినారు. ఉపాధి హామీ కింద రైతుల పొలాల్లోనే సిమెంటు కల్లాలు కట్టించినారు. ఆ పని ఉపాధి పథకం రూల్స్‌లో లేదని 2022లో కేంద్రం అభ్యంతరం చెప్పి, 151 కోట్ల రూపాయలు తిరిగి కట్టమనింది. సముద్రం పక్కన చేపలు ఎండబెట్టుకునే దిమ్మెలకు ఒప్పుకున్నప్పుడు వడ్ల కల్లానికి ఎందుకు ఒప్పుకోరని రాష్ట్రం అడిగింది. పెద్ద గొడవ అయింది. ఆ గొడవలో ఎవరిది న్యాయమో అట్ల పెట్టండి. కల్లం లేకపోతే గింజ రోడ్డెక్కుతాది అనే మాట మాత్రం ఇద్దరిలో ఎవరూ కాదనలేరు.

సిమెంటు కల్లం వచ్చేదాకా చేతులు కట్టుకోని కూర్చునే పని లేదు. మార్కెట్ యార్డుల్లో ఖాళీ నేల ఉంటాది. ఇండ్లు లేవకుండా ముండ్లచెట్లు మొలిచిన వెంచర్లలో రోడ్లు ఖాళీగా ఉంటాయి. అక్టోబరులోనే పంచాయతీ, మున్సిపాలిటీ, రైతు సేవా కేంద్రం కూర్చోని, ఈ ఊరి గింజ ఫలానా తావున, ఫలానా వారం అని ఒక కాగితం రాసి సచివాలయం గోడకు అంటిస్తే వరస, తేదీ, తావు మూడూ తీరినట్లే. ఏ రోడ్ల మీద అసలు పోయగూడదో కూడా అందులోనే రాయాల: ఆసుపత్రికి పోయే దావ, మలుపులు, వంకల మీది బ్రిడ్జిలు. పల్లకి ఏ దినం ఏ ఊరికి వస్తాదో ముందే తెల్సు కాబట్టి ఆ దినానికి ఊరు ఊరంతా వీధి ఊడ్చి నీళ్లు చల్లుతాది. కోత ఎప్పుడొస్తాదో కూడా మనకు ముందే తెల్సు కదా.

మనం చేసేవి కూడా ఉండాయి, ఖర్చు లేనివి. పట్ట మీద రాళ్లకు బదులు ఇసుక మూటలు పెట్టమని మీ నాయనకు చెప్పండి. తగిలినా రాయి అంత గట్టి దెబ్బ కాదు. కుప్పకు రెండు పక్కలా రేడియం స్టిక్కర్ అతికించిన కట్టె నాటండి. అంగట్లో ఇరవై, ముప్పై రూపాయల సరుకు. గింజ ఎత్తినంక రోడ్డు ఊడ్చి, రాళ్లు తీసి పారేసే పని ఇంట్లో పిల్లోళ్లు తీసుకోండి. వేరే వాళ్లు వదిలేసిన రాయి కనపడితే బండి నిలిపి పక్కకు దొర్లించండి. మీ వార్డు సచివాలయంలో శానిటేషన్ సెక్రటరీ, ఎమినిటీస్ సెక్రటరీ అని ఉంటారు. గుంత, బురద, అడ్డం వాళ్లకు ఫోటో తీసి పంపండి. సోమవారం కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకుంటారు. అక్కడికి "రోడ్డు మీద గింజ తీయించండి" అని పోవద్దు. "మా ఊరికి మూడెకరాల కల్లం చూపియ్యండి" అని రెండెకరాల లెక్క రాసుకోని పోండి. రైతూ, బండోడూ ఇద్దరూ సంతకం పెట్టగలిగే అర్జీ అదొక్కటే.